తొలకరి రాత్రుల్లో కప్పల మడుగుల మీద లైట్లు వద్దు

సంపాదకుల వారికి,

నమస్కారం.

తొలకరి పడిన మర్నాడు ఏటా ఏదో ఒక జిల్లా పేజీలో ఒక ఫొటో కనిపిస్తుంది. రోడ్డు పక్క మడుగులో నిమ్మపండు రంగులో మెరుస్తున్న పెద్ద కప్పలు, కింద ‘వింత కప్పలు, ఎగబడి చూస్తున్న జనం’ అని ఒక వ్యాఖ్య. అవి వింత కప్పలు కావు, విషపు కప్పలు అసలే కావు. మన బోదురుకప్పలే. మిగతా రోజుల్లో మట్టిరంగు, ఆకుపచ్చ కలిసిన ఒంటితో తిరిగే మగ బోదురుకప్ప జతకట్టే వేళకు పసుపు తిరుగుతుంది. గొంతుకు రెండు పక్కలా నీలిరంగు సంచులు ఉబ్బుతాయి. పని ముగిశాక ఆ రంగు దిగిపోతుంది. ఫొటో వేయడంలో తప్పేమీ లేదు. బోదురుకప్పలు పట్టపగలు కూడా అరుస్తాయి కనుక ఐదారు మీటర్ల దూరం నుంచి ఫ్లాష్ లేకుండా తీస్తే వాటికి ఇబ్బందీ ఉండదు. చిక్కంతా రాత్రిపూట. సెల్‌ఫోన్ లైట్లు, బైకు హెడ్‌లైట్లు వేసుకుని జనం మడుగు చుట్టూ మూగే రాత్రే ఆ కప్పలకు గుడ్లు పెట్టే రాత్రి. చాలా చోట్ల ఏడాది మొత్తానికి అలాంటివి రెండు మూడు రాత్రులకు మించి ఉండవు. జంతుశాస్త్రం బోధిస్తూ, ఉభయచరాల మీద పనిచేస్తున్న వాళ్ళుగా ఆ కొద్ది రాత్రులు వాటికి వదిలిపెట్టమని అడగడానికే ఈ ఉత్తరం రాస్తున్నాం.

కప్ప అరిస్తే వాన వస్తుందని మనవైపు నమ్మకం. గాలిలో తేమ పెరగగానే కొన్ని చెట్టుకప్పలు వానకు ముందే గొంతు విప్పుతాయి కాబట్టి ఆ మాటలో కొంత నిజం ఉంది. కానీ ఊరంతా మారుమోగే ఆ బెకబెక వాన పడ్డాక, పల్లంలో నీళ్ళు నిలిచాక మొదలయ్యేది. ఆ అరిచేవన్నీ మగవే. ‘నేను ఫలానా జాతి మగకప్పను, ఇక్కడున్నాను, ఇక్కడ నీళ్ళున్నాయి’ అని ఆడకప్పకు చెప్పడమే ఆ అరుపు పని. ఆడకప్ప చీకట్లో, గడ్డిలో, ఆ గొంతునే ఆనవాలుగా పట్టుకుని వస్తుంది. పిలుపు వినపడకపోతే దానికి దారి తెలియదు.

ఇంత చిన్న ప్రాణి అంత గట్టిగా ఎలా అరుస్తుందో చూడండి. కప్ప నోరు మూసుకునే అరుస్తుంది. ఊపిరితిత్తుల నిండా గాలి పట్టి ముక్కు రంధ్రాలు బిగిస్తుంది. పొట్ట పక్క కండరాలు ఒక్క ఉదుటున బిగుసుకోగానే గాలి స్వరపేటిక గుండా నోట్లోకి దూసుకొస్తుంది, దారిలో స్వరతంత్రులు కంపించి శబ్దం పుడుతుంది. నోటి అడుగున ఉన్న చీలికల్లోంచి గాలి స్వరకోశంలోకి, అంటే గొంతు సంచిలోకి, వెళ్ళి దాన్ని ఉబ్బిస్తుంది. శబ్దాన్ని నలుదిక్కులా బయటికి చేరవేసేది పలచగా సాగిన ఆ చర్మమే. ఆ వెంటనే సంచి ముడుచుకుంటూ అదే గాలిని తిరిగి ఊపిరితిత్తుల్లోకి నెడుతుంది. అందుకే మళ్ళీ మళ్ళీ గాలి పీల్చే పని లేకుండా గంటల తరబడి అరవగలుగుతుంది. మన ఆడకప్పలకు ఈ సంచి ఉండదు. గొంతు కింద చర్మం వదులుగా, నల్లగానో పచ్చగానో కనిపిస్తూ, ముందరి కాలి మొదటి వేలి మీద గరుకైన మెత్త ఉంటే అది మగది.

ఇదంతా తేలిగ్గా జరిగే పని కాదు. అమెరికా చెట్టుకప్పల మీద కొలిచి చూసినప్పుడు, అరుస్తున్న మగకప్ప వాడే ఆక్సిజన్ విశ్రాంతిగా ఉన్నప్పటికంటే పది రెట్లకు పైగానే ఉన్నట్టు తేలింది. అరిచే రాత్రుల్లో అది మేత కూడా సరిగా ముట్టదు, ఒంట్లో దాచుకున్న కొవ్వునే ఖర్చుపెడుతుంది. పైగా ఆ గొంతే శత్రువుకు ఆచూకీ. పనామాలో ఒక జాతి గబ్బిలం కప్ప అరుపును విని, దాన్ని బట్టే వచ్చి పట్టుకుంటుందని 1980లలో రుజువైంది. మనం మడుగు దగ్గరికి అడుగు వేయగానే మొత్తం గుంపు ఒక్కసారిగా నోరు మూసుకునేది ఈ ప్రాణభయంతోనే.

ఆడకప్ప ఆ గోలలో తన జాతి మగవాడిని ఎలా పోల్చుకుంటుంది? కంటి వెనక గుండ్రంగా కనిపించే కర్ణభేరి, దాని లోపలి చెవి తన జాతి పిలుపు ఉండే స్థాయికి ఎక్కువగా స్పందిస్తాయి. మిగతా గోల చాలావరకు అక్కడే వడకట్టుకుపోతుంది. ఆ తర్వాత చూసుకునేది అరుపులోని తునకల వేగాన్ని, పిలుపు నిడివిని, గొంతు బరువును. సాధారణంగా పెద్ద ఒళ్ళున్న మగకప్ప గొంతు బొంగురుగా ఉంటుంది, చాలా జాతుల్లో ఆడవి ఆ గొంతువైపే మొగ్గుతాయి. ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి ఉంది. కప్ప ఒంటి వేడి చుట్టుపక్కల వేడిని బట్టి మారుతుంది కనుక, వెచ్చని రాత్రి తునకలు వేగంగా, చల్లని రాత్రి నెమ్మదిగా పడతాయి. అమెరికాలోని బూడిదరంగు చెట్టుకప్పల్లో ఆడదాని ఇష్టం కూడా అదే వేడికి తగ్గట్టు మారుతుందని 1978లోనే చూపించారు. అందువల్ల కప్ప అరుపు రికార్డు చేసి ఆ వేళ ఉష్ణోగ్రత రాయకపోతే సగం పని చేసినట్టే.

అరుపులన్నీ ఒకటి కావు. ఆడదాన్ని పిలిచే పిలుపు వేరు. పక్క మగకప్ప మరీ దగ్గరికి జరిగితే గరుకుగా, పొట్టిగా గద్దించే అరుపు వేరు. పాము నోట పడ్డప్పుడు నోరు తెరిచి పెట్టే కేక మగా ఆడా రెండూ పెడతాయి. ఇంకొకటి దగ్గరికి వెళ్ళి వింటే తప్ప తెలియదు. తొలకరి గందరగోళంలో మగ గోదురుకప్ప (ఇంగ్లీషులో టోడ్) కదిలిన ప్రతిదాన్నీ వెనక నుంచి వాటేసుకుంటుంది. చిక్కింది మరో మగదైతే అది ఒళ్ళు అదిరిస్తూ కిచ్‌కిచ్‌మని చిన్నగా, వెంటవెంటనే అరుస్తుంది. ‘వదులు, నేను మగవాణ్ణి’ అని దానర్థం. పట్టు సడలుతుంది. గుడ్లతో ఉన్న ఆడదైతే అరవదు, పొట్ట కూడా నిండుగా తగులుతుంది, కాబట్టి పట్టు నిలుస్తుంది. ఒక్క ఆడదాని మీద నాలుగైదు మగవి ఎగబడి, ఆ బంతిలో అడుగున పడ్డ ఆడది ఊపిరాడక చనిపోవడమూ ఉంది. మగవాటిలో కొన్ని అసలు అరవకుండా గొంతున్న మగకప్ప పక్కనే నక్కి కూర్చుంటాయి, పిలుపు విని వచ్చే ఆడదాన్ని దారిలోనే పట్టుకోవడానికి.

ఇంతకీ మీ ఊరి కుంటలో ఎవరు అరుస్తున్నారు? మడుగు మధ్యలోంచి లోతైన, బరువైన ‘గ్రోక్, గ్రోక్’ వస్తే బోదురుకప్ప. గట్టు పక్క నుంచి ఎడతెగని ‘క్రుర్ర్ర్’ సాగుతుంటే గోదురుకప్ప, దానికి గొంతు కింద ఒకే గుండ్రటి సంచి. పొదల్లోంచో సిమెంటు తొట్టి గోడ మీదనుంచో కర్ర మీద కొట్టినట్టు ‘టక్, టక్‌టక్’ వినిపిస్తే చెట్టుకప్ప. మర్నాడు పొద్దున అదే గోడకు తెల్లటి నురుగు ముద్ద అంటుకుని ఉంటే అది దాని గుడ్ల గూడు, కడిగేయకండి, కింద నీళ్ళుంటే చాలు. దువ్వెన పళ్ళ మీద గోరుతో గీసినట్టు చెవులు గింగిర్లెత్తే అరుపు వస్తూ, ఎంత వెతికినా కప్ప కనపడకపోతే అది మైక్రోహైలా. రెండున్నర సెంటీమీటర్లకు మించని ఈ పిల్ల ప్రాణిది మన పల్లాల్లో గట్టిగా వినిపించే గొంతుల్లో ఒకటి. నీళ్ళ మీద తేలుతూ, తాకితే చిందులేసుకుంటూ పోయే నీటికప్ప మాత్రం ఏడాదిలో చాలా భాగం, పగలు కూడా అరుస్తుంది. దాని గొంతును తొలకరి లెక్కలో వేయకూడదు.

బోదురుకప్ప, నేలలో దాక్కునే బెలూన్ కప్ప వంటివి మొదటి పెద్ద వానకు ఒక్కసారిగా బయటపడి, ఒకటి రెండు రాత్రుల్లో అరుపు, జత, గుడ్లు అన్నీ ముగించి చెల్లాచెదురవుతాయి. చెట్టుకప్పలు, పొలాల్లోని చిన్న కప్పలు వానాకాలమంతా అరుస్తుంటాయి కనుక ఒక రాత్రి చెడినా మరో రాత్రి దక్కుతుంది. మొదటి రకానికి ఆ అవకాశం లేదు. మడుగు ఎండేలోపు తోకకప్పలకు కాళ్ళొచ్చి గట్టెక్కాలి, చాలా జాతులకు అందుకు నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పదిరోజులు ఆలస్యమైతే ఆ ఏటి పిల్లలు నీటి గుంటలోనే ఎండిపోతాయి.

ఇప్పుడు చెరువు గట్లమీద జరుగుతున్నది చూడండి. పట్టణాల్లో చెరువు చుట్టూ వాకింగ్ ట్రాక్, దాని పొడుగునా హైమాస్ట్ లైట్లు. కెనడాలో పచ్చకప్పల మీద 2006లో ప్రచురించిన పరిశోధనలో, వెలుతురు పడ్డప్పుడు మగవి పిలుపులు తగ్గించి, కూర్చున్న చోట నిలవకుండా కదలడం కనిపించింది. ఇక రొద. వాహనాల చప్పుడు బలమంతా దాదాపు 2,000 హెర్ట్జ్ లోపే ఉంటుంది, పెద్ద కప్పల గొంతులూ అక్కడే ఉంటాయి, దాంతో పిలుపు రొదలో కలిసిపోతుంది. మెల్‌బోర్న్‌లో ఒక చెట్టుకప్ప రోడ్డు రొద ఉన్నచోట గొంతు సన్నం చేసి అరుస్తోందని 2009లో తేలింది. థాయ్‌లాండ్‌లో 2005 నాటి అధ్యయనంలో విమానాల, మోటారు సైకిళ్ళ చప్పుడు వినిపించినప్పుడు మూడు జాతులు అరుపు తగ్గిస్తే, అదే మడుగులో మరో జాతి అరుపు పెంచింది. కనుక కప్పలు అరుస్తూనే ఉన్నాయి కదా అని రొద వల్ల నష్టం లేదనుకోవడం సరికాదు, అరుస్తున్నది ఎవరన్నది కూడా చూడాలి.

మేం అడుగుతున్నది పెద్ద ఖర్చుతో కూడింది కాదు. మొదటి పెద్ద వాన నుంచి నాలుగు రాత్రులు, ఏడు గంటల నుంచి పదకొండు దాకా, నీటి అంచు మీద పడే లైట్లు ఆర్పాలి. ఆర్పడం కుదరని చోట దీపానికి రేకు తొడుగు వేసి వెలుతురును నడకదారికే పరిమితం చేయాలి. గట్టు మీది రోడ్డుకు ఆ నాలుగు రాత్రులు బారికేడ్ పెట్టి వేగం తగ్గించాలి, ఎందుకంటే పిలుపు విని వచ్చే ఆడకప్పలు గుడ్ల బరువుతో ఆ రోడ్డే దాటుతాయి. మృగశిర, ఆరుద్ర కార్తెలు దీనికి గుర్తు. నెల్లూరు, చిత్తూరు వైపు ఈశాన్య రుతుపవనాల తొలి వానలకూ ఇదే వర్తిస్తుంది.

దోమల నివారణ గురించి కాస్త ఎక్కువగా చెప్పాల్సి ఉంది, ఎందుకంటే మంచి పని పేరుతో ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతోంది. రంపపు పొట్టు మూటగట్టి వాడేసిన ఇంజిన్ ఆయిల్లో నానబెట్టిన ఆయిల్ బాల్స్‌ను నీళ్ళు నిలిచిన ప్రతి గుంటలో వేస్తున్నారు. మైక్రోహైలా గుడ్లు నీటి పైన ఒకే పొరగా తేలుతాయి. నూనె తెట్టు కట్టేదీ సరిగ్గా ఆ పొరమీదే. ఆయిల్ బాల్ మురుగు కాలువకు సరే. వాన నీటి గుంటలో వేసేముందు పారిశుధ్య సిబ్బంది నీటి అంచును ఒక నిమిషం పరికించాలి: జిగురు తాడులో నల్ల పూసల్లా గోదురుకప్ప గుడ్లు, నురుగు ముద్దలు, తోకకప్పలు కనిపిస్తే అక్కడ వేయకూడదు. గంబూషియా చేపల సంగతి ఇంకా గట్టిగా చెప్పాలి. 1928లో మన దేశానికి తెచ్చిన ఈ చేప దోమ లార్వాలతో పాటు కప్ప గుడ్లనూ, లేత తోకకప్పలనూ తింటుంది. వానకు నిండి వేసవికి ఎండే కుంటలో చేపలుండవు, కప్పలు వెతుక్కుని వచ్చేది అలాంటి కుంటనే. అందులో గంబూషియాను వదిలితే ఆ ఏడు పిల్ల దక్కదు. డెంగీ దోమ పెరిగేది ఇంటి చుట్టూ ఉన్న డ్రమ్ముల్లో, కూలర్లలో, పాత టైర్లలో, కొబ్బరి చిప్పల్లో. నిల్వ నీళ్ళు పారబోసే డ్రై డే అక్కడ పక్కాగా జరగాలి. బోదురుకప్ప తోకకప్పలు మాంసాహారులు, దొరికితే దోమ లార్వాలనూ తింటాయన్నది గుర్తుంచుకోవాలి.

చెరువుల పూడికతీతలోనూ చిన్న మార్పు చాలు. చుట్టూ నిటారుగా తవ్వి రాతి కట్టు కట్టేస్తే మగకప్పకు కూర్చుని అరవడానికి చోటుండదు, అది సగం ఒళ్ళు మునిగే జానెడు లోతు నీటిలో ఉంటుంది. శిఖం వైపు, అంటే నీళ్ళు వచ్చి నిలిచే పల్లపు భూమి వైపు, ఒక మూల గడ్డితో, వాలుగా వదిలేయాలి. పాలిథిన్ షీటు పరిచిన ఫారం పాండ్లు మరీ ప్రమాదం. లోపల పడ్డ మగది అరుస్తుంది, ఆ గొంతు విని ఆడవి కూడా దిగుతాయి, జారే షీటు మీద ఎక్కలేక అన్నీ చస్తాయి. నాలుగు మూలలా గట్టు నుంచి నీటి అడుగు దాకా గోనెపట్టాలు వేలాడదీసి పైన బరువు పెడితే ఎక్కి వస్తాయి. పట్టా నీటి మట్టంతో పాటు దిగాలి, పైకి తేలిపోతే ఉపయోగం లేదు. పురుగుమందుల గురించి వేరే చెప్పనక్కర్లేదు, కప్ప చర్మంతోనూ శ్వాసిస్తుంది, మందు అదే దారిన లోపలికి పోతుంది.

వాన కోసం కప్పతల్లి ఆడే ఊళ్ళలో పెద్దలకు ఒక మనవి. రోకలికి కట్టే కప్పను దారంతో నడుముకు బిగించకుండా తడిగుడ్డలో వదులుగా చుట్టండి, వేపమండలు తడిపి ఉంచండి, గంటలోపు ముగించి పట్టిన మడుగులోనే వదలండి. గోదురుకప్పను పట్టిన పిల్లలు చేతులు కడుక్కోకుండా కళ్ళు నులుముకోకూడదు, దాని కంటి వెనక గడ్డల్లో మంట పుట్టించే ద్రవం ఉంటుంది. కప్ప కాళ్ళ ఎగుమతిని మన దేశం 1987లో నిషేధించింది, అయినా మాంసం కోసం అరిచే మగవాటిని దీపం వేసి పట్టడం అక్కడక్కడా సాగుతోంది. అది కూడా ఈ రాత్రుల్లోనే.

కాలేజీల్లో, హైస్కూళ్ళలో సైన్స్ చెప్పేవాళ్ళు ఈ నెలలో పిల్లలతో చేయించగల మంచి పని కప్పల గొంతు రికార్డు చేయడం. ఫోన్ చాలు. ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, రికార్డర్‌లో నాయిస్ తగ్గించే సెట్టింగు తీసేయండి, లేకపోతే కప్ప అరుపునే అది రొద అనుకుని చెరిపేస్తుంది. వీలైతే ఎంపీ3 కాక వేవ్ ఫైలుగా భద్రం చేయండి. మడుగు చేరాక లైటు ఆర్పి పది నిమిషాలు కదలకుండా కూర్చుంటే గుంపు మళ్ళీ గొంతెత్తుతుంది. ఒక్క కప్పకు రెండు మూడు మీటర్ల దూరంలో ఫోన్ నిలకడగా పట్టి మూడు నిమిషాలు తీయండి. చివర్లో తేదీ, సమయం, ఊరు, గాలి వేడి, నీటి వేడి మీ గొంతుతోనే చెప్పేయండి, కాగితం తడిసినా వివరం పోదు. ఎన్ని కప్పలో లెక్కకు అమెరికాలో వాడిన పద్ధతి సులువు: అరుపు లేకపోతే 0, ఒక్కొక్కటి విడిగా లెక్కపెట్టగలిగితే 1, అరుపులు ఒకదానిమీద ఒకటి పడుతున్నా లెక్క అందితే 2, విరామమే లేని మోత అయితే 3. ఒక్క రాత్రితో ఆపకండి. మొదటి రాత్రి 3 ఉన్న బోదురుకప్ప మూడో రాత్రికి 0 అవ్వచ్చు. రికార్డు చేసిన అరుపును తిరిగి మడుగు దగ్గర వినిపించకండి, పోటీ మగవాడు వచ్చాడనుకుని కప్ప ఉన్న బలమంతా దానిమీద ఖర్చుపెడుతుంది. కప్పలున్న చోటికి నీరుకట్టెతో పాటు నాగుపాము, కట్లపాము కూడా వస్తాయి. మోకాళ్ళ దాకా గమ్‌బూట్లు, చేతిలో కర్ర, నడిచేటప్పుడు ఎర్ర కాగితం చుట్టిన టార్చి తప్పనిసరి, పిల్లలను ఒంటరిగా పంపవద్దు.

రికార్డింగులను జీవజాతుల పరిశీలనలు నమోదు చేసే ఐనాచురలిస్ట్ వెబ్‌సైట్‌లో పెట్టవచ్చు, అక్కడ ఫొటో లేకుండా శబ్దం ఒక్కటే ఉన్నా తీసుకుంటారు. జాతి పేరు తెలియకపోతే ‘కప్ప’ అని రాసి వదిలేస్తే తెలిసినవాళ్ళు గుర్తుపట్టి చెబుతారు. ఉభయచరాల మీద పనిచేసే జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు హైదరాబాద్‌లో మంచినీటి జీవుల కేంద్రం ఉంది, అధ్యాపకులు దానినీ సంప్రదించవచ్చు. బోదురుకప్పల మడుగైతే మాత్రం మ్యాపులో ఖచ్చితమైన చోటు అందరికీ కనిపించేలా పెట్టకండి. స్థలాన్ని మరుగుపరిచే సెట్టింగు అందులోనే ఉంది, మండలం పేరు తెలిస్తే చాలు.

ఇట్లు,
కొందరు జంతుశాస్త్ర అధ్యాపకులు,
హనుమకొండ